సబేటోలో ఒకే ఒక్క తాడి

ఎర్రగా కాలిన పెనం మీద కుడి అరచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇక్కడ రాసినదంతా అక్షరం పొల్లు పోకుండా నిజం. అబద్ధమైతే నా చెరకు పుచ్చిపోవాలి, నా ఎద్దులు నా మాట వినకూడదు, వచ్చే జన్మలో కూడా నన్ను ఓడెక్కించాలి. సబేటో లోయలో నన్నెరిగినవాళ్లు ఇది విని నవ్వుతారని తెలుసు. నా ఎద్దులు ఇప్పటికే నా మాట వినవని కూడా వాళ్లు మీకు చెబుతారు. పట్టించుకోకండి. సొరచేప మీద స్వారీ చేసిన కథ, దొరగారి గుర్రానికి తెలుగు నేర్పిన కథ, అవన్నీ పొద్దుపోక చెప్పినవి. ఇది అలాంటిది కాదు. ఇది మా మావ కథ, ఆయన చెట్టు కథ.

మావ అన్నానే గానీ మాకు చుట్టరికం లేదు. మద్రాసులో ఓడెక్కిన నాటికి నాకు ఇరవయ్యేళ్లు, ఆయనకు నాకంటే పదిహేనేళ్లు ఎక్కువ. ఓడ అడుగున ఆయన పడక పక్కన నా పడక పడింది. మూడో రోజు అలలకి కడుపు తిరిగి ఆయన మీదే కక్కుకున్నాను. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆయన పైపంచెతో తుడుచుకుంటూ, "పోన్లే అల్లుడా, పిల్లనిచ్చినాక ఇలాటివి ఎన్ని సూడాల" అన్నాడు. ఆయనకు పిల్లా లేదు, అప్పటికి పెళ్లీ లేదు. అయినా ఆ పూట నుంచి ఆయన నాకు మావ, నేను ఆయనకు అల్లుణ్ణి. ఓడలో కలిసిన వరసలు మాకు రక్తసంబంధం కంటే ఎక్కువ.

మావది విశాఖపట్నం వైపు. కల్లుగీత పని. యాభై మూడు తాళ్లున్న తోపు. తోపు ఎవరిదో గానీ గీత ఆయనది. కూలీలను పట్టే మనిషి వచ్చి, గట్టు మీద పని, మంచి కూలి అన్నాడట. "గట్టన్నాడు గానీ, ఆ గట్టు ఇన్ని సముద్రాలవతలుంటాదని సెప్పలేదు దొంగనాకొడుకు" అనేవాడు మావ. బయల్దేరేటప్పుడు తువ్వాలులో మూడు రకాల వస్తువులు మూటకట్టుకున్నాడు: చెట్టెక్కేటప్పుడు నడుముకీ మానుకీ కలిపి వేసుకునే మోకు, గెల కోసే గీతకత్తి, మూడు తాటి టెంకలు. మార్చుకోడానికి పంచె మాత్రం మరిచిపోయాడు.

టెంకలెందుకు మావా అంటే, "ఆ దేశంలో తాళ్లుంటాయో నేదో ఎవుడికి తెలుసు" అన్నాడు.

లేవు. కొబ్బరిచెట్లు మాత్రం మనుషులకంటే ఎక్కువ.

మూడు టెంకల్లో ఒకటి ఓడ మీదే పోయింది. రాయిలా ఉన్న ఈ వస్తువు ఎవరి నెత్తినైనా పడుతుందని ఓడ అధికారి ఒకాయన సముద్రంలోకి విసిరించాడు. ఇంకొకటి తడికి కుళ్లింది. మూడోదాన్ని మావ బొడ్డు దగ్గర పంచె మడతలో పెట్టుకుని తెచ్చాడు. ఆ పొట్ట చూసి, ఓడ దిగాక మమ్మల్ని ఉంచిన డిపోలో డాక్టరు అనుమానంగా రెండుసార్లు నొక్కి చూశాడని నేను చెప్పుకుంటాను. ఒక్కసారే నొక్కాడని మావ అనేవాడు.

డిపోలోనే అత్త కలిసింది. నెల్లూరు వైపు మనిషి, మా ఓడలోనే వచ్చింది, ఒంటరిది. తోటలకి మమ్మల్ని పంచే ముందు రోజు, పప్పు కోసం నిలబడ్డ వరసలో మావ వైపు చూసి, "నీకు వండేవాళ్లు ఎవరన్నా ఉండారా?" అని అడిగింది. లేరన్నాడు. "నాకు కొట్టకుండా ఉండేవాడు కావాల" అంది. పెళ్లి అంటే అంతే. దంపతులని రాయించుకున్నారు కాబట్టి సబేటో చెరకు తోట కూలీల లైన్లలో వాళ్లకొక గది దొరికింది. పక్క గదిలో ముగ్గురు మగవాళ్లలో ఒకణ్ణిగా నేను. మధ్య గోడ పైకప్పు దాకా లేదు. మావ తుమ్మితే చిరంజీవ అనడానికి నేను లేవాల్సిన పని ఉండేది కాదు.

లైన్లకీ, ఈ దీవిలో మొదట్నుంచీ ఉన్న విటీ జనం ఊరికీ మధ్య ఒక వాగుంది. వచ్చిన వారంలోనే మావ ఆ వాగు గట్టున మోచేతి లోతు గుంట తీసి టెంక పాతాడు. పాతి, చేతులు దులుపుకుని, నా ముందూ అత్త ముందూ ఒట్టేశాడు.

"ఐదేళ్లు గిర్మిట్టు, ఏలిముద్రేసిన కూలి కరారు. ఆ మీద ఐదేళ్లు ఖుల్లాగా, ఎవుడి కిందా కాకుండా ఉంటే సర్కారోడే ఒట్టినే ఓడెక్కించి ఊరికి దింపుతాడు. పదేళ్లు కత్తి పట్టకపోతే సెయ్యి మరిసిపోద్ది అల్లుడా. అప్పుడు తోపులోకెల్తే నన్ను సూసి సెట్లు నవ్వవేటి? అందుకే ఇది. ఈ సెట్టుని గీసి, ఒక్క ముంత తాగి, అప్పుడు ఓడెక్కుతాను. గీయకుండా ఎక్కను. మా అమ్మ మీదొట్టు."

ఆ సాయంత్రం వాగులో గిన్నెలు తోముతూ అత్త నన్ను పిలిచింది.

"ఏం అల్లుడా, తాడి పదేళ్లకి గెలేస్తదా?"

"ముప్ఫయ్యేళ్లు పడుతుంది అత్తా. మా తాత నాటితే మా నాన్న తాగాడు."

"ఆయనకి తెలీదా?"

"ఆయన గీసినవన్నీ ఎవరో ఎప్పుడో నాటినవి. నాటడం ఆయనకి ఇదే మొదలు."

ఆమె ముఖం చూడాల్సింది. బూడిదతో గిన్నె అంత గట్టిగా తోమడం నేను మళ్లీ చూడలేదు. "ముప్ఫై యేళ్లంటే మంచిదే" అంది. ఆ గిన్నె బోర్లించి, "ఆయన పోతే నేను యాడికి పోవాల? నాకు ఆడ గడప లేదు" అంది. ఎందుకు లేదో నేను అడగలేదు. సముద్రం కనబడే చోట ఎక్కడ కూర్చున్నా దానికి వీపు పెట్టి కూర్చునే మనిషిని ఏమని అడుగుతాం?

ఇక మావ చేతుల సంగతి చెప్పాలి. గీతపనివాడు గెల చివరను పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఉల్లిపొరంత పల్చగా కోయాలి. ఒక్క పూట మానితే గెల మొద్దుబారి కల్లు ఆగిపోతుంది. ఇరవయ్యేళ్లు అలా కోసిన చెయ్యి ఊరికే ఉండలేదు. తెల్లారి లేచి చెరకు తోటకి పోయే ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి, మావ తన గది గుమ్మం నిలువుకొయ్యను ఒకే చోట, ఒకే ఒక్క పొర కోసేవాడు. ఆ పొరను వెలుతురుకి ఎత్తి చూసి ఊదేవాడు. అంతే. రెండేళ్లలో ఆ కొయ్య కన్నెపిల్ల నడుములా సన్నబడింది. కులంబరు, అంటే మా మీద తెల్ల దొర, తనిఖీకి వచ్చి చూసి, చెదలనుకుని లైన్లంతా తారు పూయించాడు. ఆరునెలలు మా అన్నం తారు వాసన కొట్టింది. నడుము మాట నేను కలిపింది కాదు, తారు కూడా. కావాలంటే ఆ లైన్లలో ఉన్నవాళ్లని అడగండి.

కొబ్బరిచెట్టు గియ్యొచ్చు కదా అని ఎవరో అంటే మావకి కోపం వచ్చేది. "కొబ్బరి కల్లా? అది బాలింతలకిచ్చీ కసాయం. అడుగో, మా అల్లుడికి పొయ్యండి."

రోజూ కూడు తిన్నాక ఆయన తోపులోకి పోయేవాడు. అంటే మాటల్లో. మొదటి చెట్టు గూనిది, రెండోది ఎండాకాలం తియ్యనిది, పదకొండోదాని పైన ఎప్పుడూ గద్ద గూడుండేది, ఇరవయ్యోది ఒక మనిషిని చంపింది. యాభై మూడూ వరసగా. నేను ఊరి మీద అబద్ధాలు చెప్పేవాణ్ణి: మా ఊరి వాగు ఇంత, మా ఊరి సంత అంత. మావకి మా ఊరు తెలుసు, ఆయన తోపుకి రెండు కోసుల దూరం. "ఆ వాగా? మేక దూకీద్ది దాన్ని" అనేవాడు. అందరూ నవ్వేవారు. నాకు కోపం రాలేదు. లైన్లలో మిగిలినవాళ్లు నేనేం చెప్పినా ఊకొట్టేవాళ్లే. మేక దూకేస్తుందని చెప్పేవాడు ఒక్కడు లేకపోతే, ఇంకో పదేళ్లకి మా ఊరి వాగు నిజంగా ఎంతుండేదో నాకే తెలియకుండా పోయేది. అందుచేత మావ ఓడెక్కకూడదని అత్త ఒక్కతే అనుకుందని మీరు అనుకోవద్దు.

టెంక పాతిన మూడున్నర నెలలకి పంది వచ్చింది.

ఈ పంది సంగతి వివరంగా చెబుతాను. కొండ మీంచి దిగిన అడవిపంది, నల్లది, ఎడమ చెవి చిరిగింది, ఒక కోర మూరెడు. ఆదివారం మధ్యాహ్నం మావ సంతకి పోయిన వేళ, వాగు గట్టున మూతితో నేలను దున్నుతోంది. నేను రాయి విసిరాను. నా వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా, తన పని తాను పూర్తి చేసుకునే వెళ్లింది. వెళ్లి చూస్తే గుంట తవ్వేసి ఉంది. టెంక చీలి ఉంది, నేల లోపల ఊరిన మొలక, తేగ, లేదు.

అత్తని పిలిచాను. గుంట చూసి ఆమె ఏడవలేదు. అక్కడే కూలబడింది. "ఇంక ఒట్టు లేదు" అంది. "పదేళ్లు కాంగానే పోతాడు."

తాడి ముప్ఫయ్యేళ్ల చెట్టు కాబట్టే ఆ ఒట్టు ఆమెకి గడప. అప్పుడు గుర్తొచ్చింది వాగవతల చెట్టు. విటీ వాళ్ల ఊళ్లో, వాళ్ల దొర ఇంటి పక్కన, అచ్చం తాటాకులాంటి ఆకుతో ఒక చెట్టుంది. వియు అంటారు. దాని కింద పిల్ల మొక్కలు మొలిచి ఉండటం నేను చూశాను. నేను వాళ్ల మాట నాలుగు ముక్కలు నేర్చుకుని ఉన్నాను. అక్కడి కుర్రాడొకడికి రెండు అగ్గిపెట్టెలిచ్చి, సొరచేప మీద స్వారీ చేసిన కథ కూడా చెప్పి, వేళ్లతో సహా ఒక మొక్క తెచ్చాను. ఇద్దరం కలిసి గుంటలో పెట్టి మట్టి కప్పాం. అత్త తన చేత్తో నేల నున్నగా చదును చేసింది.

సాయంత్రం మావ వచ్చి చూశాడు. గొంతుక్కూర్చుని లేత ఆకుని వేలితో మీటాడు.

"మూడున్నర నెల్లకే ఆకేసిందేటి? ఊళ్లో యేడాది పడతాది."

"మట్టి మంచిది మావా" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు, అత్త వైపు చూశాడు, మళ్లీ ఆకు వైపు చూశాడు. "అవునవును. మట్టి మంచిదే" అన్నాడు.

అప్పటి నుంచి నాకు పట్టుకుంది ఒక సందేహం: ఈయనకి తెలుసా, తెలియదా? యాభై మూడు తాళ్లు కౌగిలించుకున్న మనిషి. ముద్దుబిడ్డ మారిపోతే తల్లికి తెలియదా? కానీ తెలిసినవాడైతే వాగు నీళ్లు మోసి మోసి దాన్ని ఎందుకు పెంచుతాడు? పశువులు రాకుండా కంచె కట్టాడు. కొత్తాకు వచ్చినప్పుడల్లా నన్ను పిలిచి చూపేవాడు. నేను పరీక్షలు పెట్టేవాణ్ణి.

"మావా, తాటాకు ఇంత నునుపుగా ఉంటుందా?"

"సముద్రపు గాలికి అలాగుంటాది."

"మాను మీద మట్టల మోళ్లు నిలబడలేదేంటి?"

"వానలెక్కువ కదేటి, రాలిపోతాయి."

ప్రతిదానికీ ఒక జవాబు. నాకంటే బాగా అబద్ధమాడుతున్నాడా, నిజంగా నమ్ముతున్నాడా? నా వృత్తిలో నన్ను మించినవాణ్ణి చూస్తున్నానేమో అని కూడా భయమేసేది.

గిర్మిట్టు ఐదేళ్లూ అయ్యాయి. ఖుల్లా అయినవాళ్లంతా మంచి నేల కోసం వెతుకుతుంటే, మావ ఆ వాగు గట్టే కావాలన్నాడు, చెట్టు ఉంది కాబట్టి. ఆ నేల విటీ వాళ్లది. మాట్లాడటానికి వాళ్ల పెద్దాయన ఒకడు, తెల్ల జుట్టు బుట్టలా ఉన్నవాడు, వాగు దాటి వచ్చాడు. మధ్య దుబాసీని నేనే. పెద్దాయన నేల వైపు చూడనే లేదు. తిన్నగా చెట్టు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఇది మా దొర చెట్టు" అన్నాడు నాతో. "దీని ఆకు మా దొర తల మీద తప్ప ఎవరి తల మీదా పట్టకూడదు. ఈ కూలీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"ఏటంతన్నాడు?" అన్నాడు మావ.

"చెట్టు చాలా బాగుంది, మీ ఊళ్లో ఇలాంటివి ఎన్నున్నాయి అంటున్నాడు."

మావ ముఖం విచ్చుకుంది. "యాభై మూడు! సెప్పు. మొదటిది గూనిది..." అని మొదలెట్టాడు. ఆయన ఒక్కొక్క చెట్టుకీ చేతులు పైకెత్తి, వంచి, గద్దలా విప్పి చెబుతుంటే పెద్దాయన నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు నాతో.

"ఇది మీ దొర చెట్టని తెలుసట. ఎవరూ తొక్కకుండా మీ దొర పేరు మీద కాపాడుతున్నాడట. గాలివానలో దీన్ని ఎలా పట్టుకుని నిలబడ్డాడో చూపిస్తున్నాడు."

పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. చాప తెప్పించాడు. వాళ్ల మత్తు వేరు యంగోనా దంచి, నీళ్లలో పిసికి, కొబ్బరి చిప్పలో పోసి మావకి ఇచ్చాడు. మావ వాళ్లు చెప్పినట్టే చప్పట్లు కొట్టి గుటుక్కున తాగి, నా చెవిలో, "తాడి కింద కూకుని ఏది తాగినా కల్లే అంతారు. ఇది మాత్రం కాదురా, కుండ కడిగిన నీళ్లు" అన్నాడు. నేను పెద్దాయనతో, అమృతంలా ఉందంటున్నాడని చెప్పాను. నేల ఇచ్చారు. ఏటికొకసారి వచ్చి దొరకి ఒక ఆకు కోసుకుంటామన్నారు. తన ఊరి తాటాకు దొరగారికి గొడుగవుతుందని మావ మీసం తిప్పాడు.

అంతా సవ్యంగానే జరిగింది, ఒక్క క్షణం తప్ప. ఆ రోజే పెద్దాయన ఒక ఆకు కోశాడు. మట్ట మొదలు నుంచి చివర దాకా ఉత్తి అరచెయ్యి జారవిడిచి, చివర పట్టి లాగాడు. తాటిమట్ట అంచుకి నల్లటి రంపపు పళ్లుంటాయి. అది తాడే అయితే ఆయన అరచెయ్యి చీరుకుపోవాలి. మావ చూపు ఆ చేతి మీదే ఉంది. పెద్దాయన చెయ్యి దులుపుకున్నాడు. నెత్తురు చుక్క లేదు.

మావ చూపు తిప్పుకుని, "ఈ విటీ వోళ్ల సేతులు గట్టివి అల్లుడా" అన్నాడు.

ఇంకో ఐదేళ్లు. వాళ్లు వాగు గట్టున గడ్డిల్లు వేసుకున్నారు. కొత్త గుమ్మానికి మావ మనిషి తొడంత లావు కొయ్య పెట్టాడు, ఎందుకో మీకు తెలుసు. అత్త ఆవుని కొంది, బీర పాదు పెట్టింది. ఏ పండక్కైనా మొదటి బూరె నాకే పంపేది. "ఆ రోజు నువ్వు ఆ మొక్క తేకపోతే నాకీ ఇల్లు ఏడిది అల్లుడా" అనేది. నేను బూరె తినేవాణ్ణి. అప్పట్లో ఆ బూరె నా గొంతులో ఎందుకు అడ్డుపడేదో తర్వాత చెబుతాను.

పదో ఏట రెండు వార్తలు ఒకే వారం వచ్చాయి. ఊరికి పోయేవాళ్ల కోసం ఓడ వస్తోందని ఒకటి. రెండోది అత్త పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది.

"చెట్టు గెలేసింది."

ముప్ఫయ్యేళ్లు పట్టాల్సింది తాడికి. వియుకి ఎన్నేళ్లు పడుతుందో నేనేనాడూ ఎవర్నీ అడగలేదు. నేనూ అత్తా ఆ చెట్టు కింద నిలబడి పైకి చూశాం. ఆకుల మధ్య నుంచి పసుపుపచ్చగా ఒక కంకి వేలాడుతోంది. తాడి గెలకీ దానికీ పోలికే లేదు. ఇప్పుడు ఏమైనా పోయేది అత్త ఇల్లే. కల్లు కారితే ఒట్టు తీరుతుంది, ఆయన పోతాడు. కారకపోతే మోసం తెలుస్తుంది, ఇంకా తొందరగా పోతాడు.

"చెప్పేద్దామా అత్తా?"

"ఎక్కనీ" అంది. "ఇన్నేళ్లు చూసినాడు. ఎక్కి చూడనీ."

మర్నాడు పొద్దున్నే మావ స్నానం చేసి వచ్చాడు. పాత మోకు ఎప్పుడో చివికిపోయింది. అడవి నారతో కొత్తది పేని ఉంచుకున్నాడు. కత్తి పదును వేలి మీద చూసుకున్నాడు. నడుముకి ముంత కట్టుకున్నాడు. ఆ చెట్టు అప్పటికి రెండు నిలువుల ఎత్తు లేదు, నిచ్చెన వేస్తే సరిపోయేది. అయినా మానుకి దండం పెట్టి, మోకు వేసి, కప్పలా కాళ్లు ముడిచి ఎక్కాడు. ముచ్చటగా ఎక్కాడు. పదేళ్లలో ఆయన శరీరం ఏమీ మరిచిపోలేదు.

పైన ఆకుల్లో దూరాడు. కాళ్లు మాత్రం కనబడుతున్నాయి. కత్తి చప్పుడు ఒక్కసారి వినిపించింది. ఉల్లిపొరంత ముక్క ఒకటి గాలిలో తిరుగుతూ వచ్చి అత్త కొంగు మీద పడింది. ఆమె దాన్ని తీయలేదు.

రెండో పొర రాలలేదు.

"మావా! ఏం కనబడుతోంది?" అని అరిచాను.

"సముద్రం."

"ఓడుందా?"

"నేదు." అంతలోనే, "మీ అత్త పొయ్యి ఆర్పకుండా వొచ్చీసింది. ఇంట్లోంచి పొగొస్తంది" అన్నాడు.

అత్త కదల్లేదు.

ఆయన దిగాడు. ముంత బోర్లించి చూపాడు, చుక్క లేదు. అత్త ముఖం వైపు చూడకుండా మోకు చుట్ట చుట్టుకుంటూ, కల్లు గీసేవాడు కుర్రవాళ్లకి చెప్పే గొంతుతో అన్నాడు:

"లేత. ఇంకా లేతది. ఈ యేడు కాదు."

అత్త ఇంట్లోకి పరుగెత్తింది, పొయ్యి చూసుకోడానికని. ఆ పొయ్యి దగ్గర ఆమె ఎంతసేపు కూర్చుందో నాకు తెలియదు. ఆ రోజు అన్నం మాడిన వాసన నా గుడిసె దాకా వచ్చింది.

ఓడ వచ్చింది, పోయింది. ఆ పైఏడు చెట్టు మళ్లీ కంకి వేసింది. మావ స్నానం చేసి, మోకు వేసుకుని ఎక్కి, ఒక పొర కోసి, దిగి, "లేత" అన్నాడు. ఆ తర్వాతి ఏడు కూడా. కంకులు ముదిరి నల్లటి గోళీకాయలంత పళ్లు రాలి, కోళ్లు తిన్నాయి. మావ వాటి మీద నుంచే నడిచి వెళ్లి లేత అన్నాడు. గిర్మిట్లు రద్దయ్యాయి, ఓడలు అరుదయ్యాయి. కులంబర్లు మారారు. మావ గొంతు బొంగురుపోయింది, చెట్టు ఐదు నిలువులైంది. నేను మా ఊరి వాగు గురించి చెబుతూనే ఉన్నాను, ఆయన మేకని దూకిస్తూనే ఉన్నాడు. రెండేళ్ల క్రితం పోయాడు. అప్పటికి గుమ్మం కొయ్య మళ్లీ సన్నబడింది.

ఇప్పుడు ఎవరైనా మా ఊరి వాగు గురించి అడిగితే, నది అంతుంటుందని చెబుతాను. నమ్ముతారు. అందుకే ఇది రాయాలనిపించింది.

సరే. పెనం మీద పెట్టిన చెయ్యి కాలుతోంది, తీసేస్తాను.

పంది లేదు. చిరిగిన చెవీ లేదు, మూరెడు కోరా లేదు. మావ సంతకి పోయిన ఆ ఆదివారం మధ్యాహ్నం గుంట తవ్వింది నేను. అందరూ ఊరు గుర్తొస్తే ఏడ్చేవారు. నాకు ఏడుపు రాలేదు, నోట్లో నీళ్లూరేవి. మూడున్నర నెలలు ఆ గుంట పక్క నుంచే పనికి పోయాను, వచ్చాను. కింద తేగ ఎంత ఊరి ఉంటుందో మా వైపు పుట్టినవాడికి లెక్క తెలుసు. ఊరికే చూసి కప్పేద్దామని తవ్వాను. చూశాక చితుకుల మంటలో పెట్టాను. కాలిన తొక్క వలిచి, పీచు తీసి, మధ్యకి చీల్చి, లోపల చందమామ అని పిలిచే లేత మొలకతో సహా, వాగు వైపు తిరిగి కూర్చుని మొత్తం తిన్నాను. ఈ దేశంలో ఇంకెవరూ తినని ముద్ద అది. అంతా అయ్యాక, ఖాళీ టెంక చూసి, పందిని పుట్టించాను. అదే పందిని అత్తకీ చెప్పాను. ఆమె ఇల్లు కూల్చినవాణ్ణీ నేనే, నిలబెట్టినందుకు ఇన్నేళ్లూ బూరెలు తిన్నవాణ్ణీ నేనే. ఆమె ఇంకా ఉంది. చదువు రాదు. ఎవరైనా ఇది చదివి వినిపిస్తే, వచ్చే పండక్కి నాకు బూరె రాకపోవచ్చు.

ఇంకొకటి దాచాను. మొదటిసారి చెట్టు దిగిన రోజు, అత్త పొయ్యి దగ్గరికి పరుగెత్తాక, మావ మోకు చుట్టడం ఆపకుండానే నన్నడిగాడు.

"కాల్సినావా, ఉడకేసినావా?"

పదేళ్ల నుంచి జవాబుగా సిద్ధం చేసి ఉంచుకున్న అబద్ధాలన్నీ ఆ క్షణాన నన్ను వదిలి పారిపోయాయి.

"కాల్చాను మావా."

"మంచిపని సేసినావు. ఉడకేస్తే రుచి పోద్ది." మోకు భుజాన వేసుకున్నాడు. రెండడుగులు నడిచి ఆగాడు. "నాకో ముక్క దాయకపోయినావురా" అన్నాడు.